ఆఖరి పిడికెడు

"చేతులు," అన్నాడు హాతీరాం.

సంపూర్ణ రెండు చేతులూ పైకెత్తి చూపించింది. అప్పుడు గాని అతను స్విచ్ వేయలేదు. మోటారు ఒకసారి మూలిగింది, బెల్టు బిగుసుకుంది, గడ్డి మిషన్ పెద్ద చక్రం తిరగడం మొదలుపెట్టింది. షెడ్డులోని ఆరు బర్రెలూ తలలు ఇటు తిప్పాయి. ఆ చప్పుడు వాటికి అన్నం గంట.

హాతీరాంకు అరవై ఆరేళ్లు ఉండవచ్చు. ఆధార్ కార్డు మాత్రం యాభై తొమ్మిదంటుంది. అతను కార్డుతో గొడవ పెట్టుకోడు. పొడుగ్గా, సన్నగా, మోకాళ్ల దగ్గర కాస్త వంగి ఉంటాడు. ముంజేతుల మీద వెంట్రుకలకు ఎప్పుడూ గడ్డి నూగు అంటుకునే ఉంటుంది. ములకలపల్లి అవతలి తండా నుంచి తొమ్మిదేళ్లుగా పొద్దున్నే నడిచి వచ్చి, ఈ షెడ్డులో గడ్డి కోసి, బర్రెలకు వేసి, పొద్దుగూకే వేళకు నడిచి పోతాడు. అంతకు మించి ఏం చేశావని ఎవరైనా అడిగితే అతనికి ఆ ప్రశ్నే అర్థం కాదు.

షెడ్డు సంపూర్ణది. ఆమె భర్త జయరాజ్ పాల్వంచలో షిఫ్టు డ్యూటీ చేస్తూ ఆదివారం ప్రార్థన వేళకు మాత్రం ఇంటికి వస్తాడు. బర్రెలూ పాలూ పేడా అన్నీ ఆమె మీదే. ఒక్క గడ్డి మిషన్ దగ్గరికే హాతీరాం ఆమెను రానిచ్చేవాడు కాదు. ఏ ఆడమనిషినీ రానిచ్చేవాడు కాదు. దానికి కారణం అతని భార్య జమ్లి.

పన్నెండేళ్ల కిందట జమ్లి వేరే ఊరికి కూలికి పోయి, ఇలాంటి మిషన్‌లోకే గడ్డి తోస్తూ కుడిచేతి వేళ్లు రెండు పోగొట్టుకుంది. మిషన్‌లో ముందు పెట్టిన గడ్డిని వెనక పెట్టిన గడ్డి నెడుతుంది. ఆఖరి పిడికెడుకు మాత్రం వెనక ఏమీ ఉండదు. ఇంత గడ్డి ఎందుకు పాడు చేయడమని జమ్లి దాన్ని అరచేత్తో నెట్టింది. పొదుపరి మనిషి. పొదుపరులకే ఇలాంటివి జరుగుతాయి. దుబారా మనుషుల వేళ్లు పదీ భద్రంగా ఉంటాయి.

అప్పటినుంచి హాతీరాం గడ్డిని తునికి కర్రతోనే తోస్తాడు. మూరన్నర కర్ర. పట్టుకునే చోట అరచేయి రాసి రాసి నున్నబడింది, రెండో కొస నిండా బ్లేడు గాట్లే. ఆఖరి పిడికెడు అసలు మిషన్‌కు పెట్టడు. కోయకుండానే తీసుకుపోయి దూడ ముందు వేస్తాడు. దూడకు అదొక ఆట.

అలాంటివాడు ఇప్పుడు సంపూర్ణకు మిషన్ నేర్పుతున్నాడంటే కారణముంది: నెల రోజులుగా అతని కుడిచేయి వణుకుతోంది. దాచుకున్నాడు గాని చాయ్ గ్లాసు దాచనిస్తుందా? సంపూర్ణ చూసింది. జమ్లి అంతకు ముందే చూసింది. "ఆ అమ్మకు నేర్పియ్. నాకెవరూ నేర్పలే," అంది తమ లంబాడీ మాటలో. భార్య మాట కాదనడం హాతీరాంకు ఏనాడూ చేతకాలేదు. వారం రోజులుగా పాఠం నడుస్తోంది, ఆ వారం రోజులుగా అతనికి సంపూర్ణ పది వేళ్లే కలలోకి వస్తున్నాయి.

ఆమె బాగానే తోస్తోంది. కర్ర పట్టు కుదిరింది. కట్ట తరువాత కట్ట లోపలికి పోయి, అవతల పచ్చటి ముక్కలు కుప్పగా పడుతున్నాయి. ఆఖరి పిడికెడు మిషన్ నోటి దగ్గరి రేకు మీద మిగిలింది. సంపూర్ణ కర్ర పక్కన పెట్టింది. చెయ్యి దానంతట అదే ముందుకు పోయింది.

హాతీరాం ఆ కర్రే అందుకుని ఆమె మణికట్టు మీద ఒక్కటి వేశాడు.

మోటారు ఆపాక కూడా చక్రం చాలాసేపు తిరిగింది. యజమానురాలిని కొట్టిన కర్రను చేతిలో పట్టుకుని అతను నిలబడిపోయాడు.

"పిడికెడే గద కాకా," అంది సంపూర్ణ మణికట్టు రుద్దుకుంటూ. "పారెయ్యబుద్ధి కాలే."

"జమ్లి గూడ గదే అన్నది."

హాతీరాం కర్ర కొస ఆమె ముందు పెట్టాడు.

"గీ గాట్లు చూడమ్మా. గివన్ని నా వేళ్లకు పడేటియి. కర్ర పోతే అడవిల ఇంకోటి దొరుకుతది." కర్ర దించి, "కొట్టిన. తప్పయింది," అన్నాడు.

"మంచిగ కొట్టినవ్. యాదుంటది."

మధ్యాహ్నం అతను జొన్న రొట్టె, తోటకూర తిన్నాడు. ఛాతీలో ఏదో పట్టేసినట్టుంటే జమ్లి వేసిన పచ్చిమిరపకాయల మీద నెపం పెట్టాడు. రోడ్డు మీద పామాయిల్ గెలల ట్రాక్టర్లు అశ్వారావుపేట వైపు పోతున్నాయి. వాటి మోతకు చక్కగా కునుకు పట్టింది. అతని నిద్ర అలాంటిది: మోత ఉంటే పడుతుంది, ఆగితే మెలకువ వస్తుంది. తండాలో చడీచప్పుడు లేక నిద్ర పట్టడం లేదంటే జమ్లి నవ్వి, పోయి మిషన్ పక్కనే పండుకో అంటుంది.

ఎండ వాలాక సంపూర్ణ గాజులు తీసి గూట్లో పెట్టి వచ్చింది.

"కాకా, నువ్వు కూసో. మాపటి గడ్డి నేనొక్కదాన్నే కోస్త."

"ఒక్కదానివా?"

"అవ్."

హాతీరాం దాణా సంచుల మీద కూర్చుని స్తంభానికి వీపు ఆనించాడు. "చేతులు," అన్నాడు. ఆమె చూపించింది.

అక్కడినుంచి మిషన్ నోరు కనబడదు, చప్పుడే వినబడుతుంది. అతనికి అది చాలు. గడ్డి ఎక్కువైతే మోటారు గొంతు బరువెక్కుతుంది, తక్కువైతే తేలిపోతుంది. సంపూర్ణ సమంగా తోస్తోంది. ఒక్కో కట్టా అయిపోతుంటే అతను వినడం తప్ప ఇంకేమీ చేయలేదు. చివరికి బ్లేడ్ల కరకర ఆగి, చక్రం వట్టిగా తిరిగే చప్పుడు మిగిలింది. ఇప్పుడే. పొద్దున్న ఆమె చెయ్యి ముందుకు పోయింది ఇప్పుడే. ఊపిరి బిగబట్టి విన్నాడు. చక్రం వట్టిగానే తిరిగింది. ఇంకా వట్టిగానే తిరుగుతోంది.

నేర్చుకుంది, అనుకున్నాడు. జమ్లికి చెప్పాలి. ఒళ్లంతా తేలికగా, హాయిగా ఉంది. తల స్తంభానికి ఆనించి, ఆ మోతలోనే కళ్లు మూసుకున్నాడు.

సంపూర్ణ మోటారు ఆపింది. చక్రం నెమ్మదించి ఆగింది. షెడ్డులో చప్పుడు లేదు. ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని, అతని ముందుకు వచ్చి, రెండూ ఎత్తి చూపించింది.

"లెక్కపెట్టుకో కాకా. పది."

మోటారు ఆగితే మేలుకునే మనిషి మేలుకోలేదు. ఆమె కాసేపు చేతులు అలాగే ఎత్తి ఉంచింది. తరువాత ఒక చెయ్యి మెల్లగా దించి అతని భుజం మీద వేసింది. "కాకా," అంది మళ్లీ, చిన్నగా.

దూడ తన వాటా కోసం అరిచింది. మిషన్ నోటి దగ్గర, రేకు మీద, తునికి కర్ర పక్కన ఆఖరి పిడికెడు గడ్డి కోయకుండా పచ్చగా ఉంది.