తాళం వేసిన ఇంట్లో మసాజ్ కుర్చీ

నేను ఒక మసాజ్ కుర్చీని. ప్లాస్టిక్ కుర్చీలతో, పేము కుర్చీలతో నన్ను కలిపి మాట్లాడకండి, నాకు నచ్చదు. మనుషులు ఒకరినొకరు మొహం చూసి అంచనా వేసుకుంటారు. నాకు తెలిసింది వీపు ఒక్కటే. మొహం నవ్వగలదు, బంధువులు అడిగితే "అంతా బాగానే ఉంది" అనగలదు. వీపుకి ఆ విద్య రాదు. అందుకే మీ సంగతులు మీ చుట్టాలకంటే నాకే ఎక్కువ తెలుసు.

సముద్రానికి అవతల ఒక ఫ్యాక్టరీలో పుట్టాను. కడుపులో రోలర్లు పెట్టి, పైన కాఫీరంగు రెగ్జిను తొడిగి, ఇసుక బస్తాను కూర్చోబెట్టి పరీక్ష చేశారు. ఇన్నేళ్లలో నా మీద ఒక్క ఫిర్యాదూ చెయ్యని గిరాకీ ఆ ఇసుక బస్తాయే. తర్వాత ఓడెక్కి విశాఖపట్నం చేరాను. అక్కడ ఒక పెద్ద మాల్‌లో ఎస్కలేటర్ పక్కన నన్ను నిలబెట్టారు. కొనేవాళ్లు తక్కువ, ఊరికే కూర్చునేవాళ్లు ఎక్కువ. సినిమా మొదలయ్యేదాకా పిల్లల్ని నాలో పడుకోబెట్టి పోయిన తల్లులున్నారు.

అక్కడికే ఒకనాడు కాకినాడ నుంచి ఆదివిష్ణు, ఆయన భార్య సత్యవేణి వచ్చారు. ఆమెకి కావలసింది వెట్ గ్రైండరు. ఆయన నాలో ఒక్క నిమిషం కూర్చుని కళ్లు మూశాడు. అంతే, గ్రైండరు సంగతి గాలికి పోయింది. ధర విని సత్యవేణి గుండె మీద చెయ్యి వేసుకుంది. సేల్స్ కుర్రాడు మాత్రం, "కార్డు ఉందా సార్? నెలనెలా కట్టుకోవచ్చు," అన్నాడు. ఆదివిష్ణు పర్సు తీసి, పేకముక్కలు పరిచినట్టు కార్డులన్నీ పరిచాడు. ఎలా కట్టాలని కాదు, దేనితో కొంటే పాయింట్లు ఎక్కువొస్తాయని ఆలోచించాడు!

ఇంతకీ ఆయన ఉద్యోగం ఏమిటనుకున్నారు? రొయ్యలు ఎగుమతి చేసే కంపెనీలో అకౌంటెంటు. కంపెనీ లెక్కలో రూపాయి తేడా వస్తే భోజనం మానేసే మనిషి. ఇంటి లెక్క దగ్గరికొచ్చేసరికి ఆ మనిషి ఎక్కడికి పోతాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

వాళ్లది కాకినాడ జగన్నాథపురంలో చిన్న సొంతిల్లు. ముందు ఒక పోర్షను, వెనక వంటిల్లు, ఒక గది, ఇంటి పక్కనుంచి పెరట్లోకి సన్నటి సందు. కట్టేటప్పుడు గోడలకి సత్యవేణే బిందెలతో నీళ్లు కొట్టిందట. గుమ్మానికి టేకు చెక్క ఆమే ఎంచిందట. నేను వచ్చిన ఏడాదే గృహరుణం తీరి, బ్యాంకు నుంచి ఇంటి కాగితాలు చేతికొచ్చాయి. ఆ రోజు ఆమె పరవాన్నం వండి, కాగితాల్ని దేవుడి దగ్గర పెట్టి, మొదటిసారి వచ్చి నాలో కూర్చుంది. అంత తేలికైన వీపును నేను మళ్లీ చూడలేదు.

ఆయన వీపు మాత్రం నెలనెలా బిగుసుకుపోతోంది. బిల్లులో అడుగున చిన్నగా, ఇంత కడితే చాలు అని ఒక అంకె ఉంటుందట. ఆయన అదే కట్టేవాడు. అదీ లేనప్పుడు ఒక కార్డు బాకీ ఇంకో కార్డుతో తీర్చేవాడు. అసలు కదలలేదు, వడ్డీ మాత్రం చక్కగా ఎదిగింది. ఫోన్ మోగితే ఆయన మెడ నా దిండులో కూరుకుపోయేది. నా రోలర్లు ఎంత తిరిగినా ఆ ముడి వదిలేది కాదు, ఎందుకంటే ఆ ముడి వేసినవాళ్లలో నేనూ ఒకణ్ణి.

ఒకరోజు ఆ ఫోన్ సత్యవేణి ఎత్తింది. అవతలివాడు చెప్పిన మొత్తం విని ఆమె అరవలేదు. పొయ్యి ఆపేసి వచ్చి, "ఇల్లు పోద్దా?" అని అడిగింది. ఆదివిష్ణు నా రిమోటు తీసి బ్యాటరీలు మార్చడం మొదలెట్టాడు.

ఆ వారం నుంచి మా ఇంటికి సలహాల తాకిడి మొదలైంది. సలహా చెప్పడానికి వచ్చిన ప్రతివాడూ నాలోనే కూర్చునేవాడు. మొదట వచ్చింది సత్యవేణి అక్క మొగుడు నూకరాజు. లారీల వ్యాపారం, విశాలమైన వీపు. "తమ్ముడూ, బ్యాంకోడితో సెటిల్‌మెంటు సేసుకో. సగం పారేత్తే ఆడే దండం ఎట్టి ఎల్లిపోతాడు," అన్నాడు. ఆ సగం ఒకేసారి ఎక్కడినుంచి తేవాలని సత్యవేణి అడిగితే, నా స్పీడు పెంచమని రిమోటు కేసి చెయ్యి చూపించాడు. పైగా అలా సగంతో ముగిస్తే ఆ మచ్చ పేరు మీద ఏళ్లపాటు ఉంటుందని, ఇంకెవరూ అప్పివ్వరని తర్వాత తెలిసింది. అప్పివ్వరన్న మాట విని ఆదివిష్ణు దిగులుపడ్డాడు, సత్యవేణి సంతోషించింది.

తర్వాత లాయరుగారు వచ్చారు. సన్నటి మనిషి, నా రోలర్లకి ఎముకలు తప్ప ఏమీ దొరకలేదు. "ఐపీ పెట్టేద్దాం విష్ణుగారూ. కోర్టులో దివాలా అని ఒప్పేసుకుంటే ఫోన్లు ఆగిపోతాయండి," అన్నారు. మా వైపు ఐపీ పెట్టాడంటే పెళ్లిళ్లలో పక్కన కూర్చోడానికి కూడా జనం ఆలోచిస్తారు. సత్యవేణి తలుపు పక్కనుంచే, "మరి ఇల్లండీ?" అంది. లాయరుగారు గొంతు సవరించుకున్నారు. "ఇల్లంటే... అది కోర్టు పెట్టే రిసీవరు చేతికెళ్తుందమ్మా. ఆయన అమ్మి అప్పులవాళ్లందరికీ పంచుతాడు." ఆ తర్వాత ఆమె ఆయనకి రెండోసారి కాఫీ ఇవ్వలేదు.

మూడోది బ్యాంకులో పనిచేసే పక్కవీధి ఆయన చెప్పాడు. ఇంటి కాగితాలు పెట్టి అప్పు తీసుకుని కార్డులన్నీ ఒకేసారి తీర్చేయడం. వడ్డీ చాలా తక్కువ, కానీ వాయిదాలు తప్పితే ఇంటికే ఎసరు. మొన్ననే దేవుడి దగ్గర పెట్టిన కాగితాలు మళ్లీ బ్యాంకుకా అని సత్యవేణి కళ్లు తుడుచుకుంది. ఆదివిష్ణు ముగ్గురికీ తలూపాడు. వచ్చినవాడు వెళ్లేదాకా ఆ దారే మంచిదనేవాడు. ఇలా తలూపడంలోనే నెలలు గడిచాయి.

ఈలోగా బాకీ వసూలుకి మనుషులు రావడం మొదలెట్టారు. అప్పుడు మా అకౌంటెంటుగారికి ఒక బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. వీధి తలుపుకి బయట తాళం వేసి, సందులోంచి పెరటి తలుపు గుండా ఇంట్లోకి రావడం! ఊళ్లో లేరనుకుని వాళ్లే విసిగి పోతారట. టీవీ కట్టేశాడు. తాలింపు చప్పుడు వినిపిస్తుందని వారం పాటు పెరుగన్నమే తిన్నాడు. నన్ను కూడా వాడలేదు, మోత చేస్తానని. అంత జాగ్రత్తపడ్డవాడు రోజూ చీకట్లోనే పెరటి దారిన ఆఫీసుకి వెళ్లివస్తూ ఇంటి ముందుభాగం ఎలా ఉందో ఒక్కసారి కూడా చూసుకోలేదు.

ఆదివారం పొద్దున్న వాకిట్లో బండి ఆగింది. వసూలుకి వచ్చినవాడి పేరు ఏసురత్నం అని తర్వాత తెలిసింది. ఆదివిష్ణు ఒక్క గెంతులో వచ్చి నా వెనక నక్కాడు. బయటినుంచి తాపీగా ఒక గొంతు వినిపించింది.

"అమ్మా! తాళవేమో దుమ్మెట్టేసిందండి. ముగ్గేమో ఇంకా తడారలేదండి. వారం నుంచీ సూత్తన్నాను, రోజుకో రకం ఏత్తన్నారు. ఇయ్యాళ్టి పద్మం మాత్రం సేలా బాగుందండి."

ఆదివిష్ణు నా వెనకనుంచే గుసగుసగా, "ముగ్గేశావా? తాళం ఏసిన ఇంటిముందు ముగ్గేంటే?" అన్నాడు.

సత్యవేణి గుసగుసలాడలేదు. మామూలు గొంతుతోనే, వీధికి వినపడేలా అంది. "ఏసేనండి. రోజూ తెల్లారగట్ల సందులోంచి ఎల్లి ఏసొత్తన్నాను. ముగ్గు లేకపోతే ఇంట్లో ఎవరో పోయారనుకుంటారు. నా ఇల్లు బతికే ఉంది. దాక్కోడానికి కాదు కట్టుకున్నది."

ఆయన కంగారులో నా వైరు పట్టుకుని లేవబోయి స్విచ్చి నొక్కేశాడు. ఇన్నాళ్లు మూగగా పడి ఉన్నానేమో, నేను నా స్వాగత సంగీతం పూర్తిగా వాయించాను. బయట ఏసురత్నం నవ్వాపుకోలేకపోయాడు. సత్యవేణి పెరటి దారిన చుట్టూ తిరిగి వచ్చి, అతని కళ్లముందే తాళం తీసి, "రండి, కూర్చోండి. మజ్జిగ తాగుతారా?" అంది.

మిగతా కుర్చీల నిండా ఆరేసిన బట్టలు. నేనొక్కణ్ణే ఖాళీ. రోజంతా బండి మీద తిరిగే మనిషి, నడుము నడుములా లేదు. ఏదో గట్టిగా చెప్పాలనే కూర్చున్నాడు పాపం.

"సూడండి, మా ఆఫీసోళ్లు సేలా సీరియస్‌గా... ఆయ్... ఆయ్... అక్కడేనండి... ఆయ్..."

కాసేపటికి గుర్రు మొదలైంది. మొగుడూ పెళ్లాలిద్దరూ వసూలుకొచ్చినవాడు లేస్తాడేమోనని చప్పుడు చెయ్యకుండా నిలబడ్డారు. లేచాక అతను మజ్జిగ తాగి, నన్ను నిమిరి, "ఎంతకి కొన్నారండి? ఈఎమ్ఐ ఉందాండి?" అని అడిగాడు. సత్యవేణి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. నెలాఖరులోగా ఏదో ఒక దారి తేల్చి చెబుతామని మాటిచ్చి పంపింది.

ఆ సాయంత్రం ఆమె నాలో కూర్చుంది, స్విచ్చి వెయ్యకుండా. ఆదివిష్ణు ఎదురుగా నేలమీద కూర్చున్నాడు.

"బావగారు సెప్పినట్టు సేద్దావంటే సగం డబ్బు లేదు. లాయరుగారి మాట ఇంటే రేపీ వాకిట్లో ఇంకెవరో ముగ్గేసుకుంటారు. కాగితాలు బ్యాంకులో ఎడదాం. ముందు పోర్షను అద్దెకిద్దాం, ఆ అద్దె వాయిదాకి పోద్ది. మనిద్దరికీ ఎనక గది సాలు."

"నీకు అంత ఇష్టవైన ముందు గదే..." అన్నాడు ఆయన.

"గది ఎక్కడికీ పోదండి. మీ కార్డులు ఇటివ్వండి."

ఆయన పర్సు తీసి ఇచ్చాడు. ఆమె బట్టలు కత్తిరించే కత్తెరతో ఒక్కొక్కటీ ముక్కలు చేసింది. చివరి కార్డు దగ్గర ఆయన, "అందులో పాయింట్లున్నాయి వేణీ," అన్నాడు. ఆమె చూసిన చూపుకి నాకే కరెంటు పోయినట్టనిపించింది. ఆ తర్వాత ఆమె నా చేతి మీద మెల్లగా తట్టి, "దీన్ని కూడా అమ్మేద్దాం," అంది. నాకు బాధ కలిగింది, దాచడమెందుకు. కానీ ఆ వీపు చాలా నెలల తర్వాత తేలికపడటం నేను గమనించాను. కాబట్టి నోరు మూసుకున్నాను.

నన్ను కొన్న ధరలో మూడో వంతుకి మెయిన్ రోడ్డు సెలూన్ యజమాని సింహాద్రి కొన్నాడు. నన్ను ఎక్కించుకోడానికి ట్రాలీ ఆటో వాకిట్లోకి వస్తుంటే సత్యవేణి కేకేసింది. "బాబూ, ముగ్గు తొక్కేత్తావు, అవతలెట్టు!" ముందు పోర్షను చూడ్డానికి వచ్చినవాళ్లు అక్కడే నిలబడి ఉన్నారు. అద్దె దగ్గర ఆమె బేరమాడనిచ్చింది. వాకిట్లో ముగ్గు మాత్రం రోజూ తనే వేస్తానని, ఆ విషయంలో మాట లేదని చెప్పింది. నీళ్లకి షరతు పెట్టేవాళ్లని చూశాం గానీ ముగ్గుకి షరతా అని వాళ్లు నవ్వి ఒప్పుకున్నారు.

ఇప్పుడు సెలూన్లో ఉన్నాను. గోళ్ల గీతలు పడ్డాయి, ఒక రోలరు మూలుగుతోంది. మాల్‌లో మెరిసిన రోజులు గుర్తొస్తే కాస్త సిగ్గుగానే ఉంటుంది. అయినా నా పుట్టుకలో మొదటిసారి నా కూడు నేను సంపాదించుకుంటున్నాను.

నెలకోసారి ఆదివిష్ణు క్షవరానికి వస్తాడు. ఎప్పుడూ నా వైపు దొంగచూపు చూసి వెళ్లిపోయేవాడు. ఇవాళ మాత్రం జేబు తడుముకుని, నోటు తీసి చూసుకుని, నాలో కూర్చున్నాడు. ఆ వీపును నేను వెంటనే గుర్తుపట్టాను. ముడి లేదు. ఎన్నేళ్లకో కళ్లు మూసుకుని నిజంగా నిద్రపోయాడు. లేచేసరికి సింహాద్రి, "సిల్లర లేకపోతే పర్లేదండి, కార్డు మిషను కూడా ఎట్టేను," అన్నాడు. నేను అంత శ్రమపడి మెత్తబరిచిన వీపు క్షణంలో చెక్కయిపోయింది. ఆయన నోటు సింహాద్రి చేతిలో పెట్టి, చిల్లర కూడా అడక్కుండా మెట్లు దిగిపోయాడు.

ఆయన పాదాలు పెట్టిన చోట తెల్లటి పొడి మిగిలింది. ముగ్గుపిండి. పొద్దున్న వాకిట్లోంచి వస్తూ చూసుకోకుండా తొక్కేసి ఉంటాడు, ఇంటికెళ్లాక చీవాట్లు తప్పవు. సింహాద్రి గుడ్డ తీసుకుని తుడవడానికి వస్తున్నాడు. ఇంకొక్క గిరాకీ వచ్చేదాకా దాన్ని ఉండనిస్తే బాగుండును.