మాడుచెక్క

ముసలయ్య కల్లుముంత మీది నురుగును ఉఫ్‌మని ఊది, చచ్చిన ఈగలు రెండింటిని వేలితో తీసి పారేసి, మిగిలింది గోధుమపిండిలో వంచాడు. చేతులు వాటంతటవే పనిలోకి దిగాయి. నరసాపురంలో దొరల బంగళా వెనక వంటింట్లో ముప్పై ఏళ్లుగా తెల్లవారేసరికి అతనికి ఇదే పని. కల్లు పోసి పిసికిన పిండి ఎండెక్కేసరికి పొంగాలి, పొంగింది ఇటుకల పొయ్యిలో కాలాలి, కాలింది వెన్నతో సహా బల్ల మీదికి చేరాలి. ఆదివారం నాడు చర్చిలో ప్రసంగం చేస్తూ దొరగారు కల్లు తాగేవాళ్లను చెడామడా దులిపేసేవారు. సోమవారం పొద్దున అదే కల్లుతో పొంగిన రొట్టె ఇంకో రెండు ముక్కలు అడిగి మరీ తినేవారు. ఈ సంగతి ముసలయ్య ఏనాడూ పైకి అనలేదు. ఆ మాటకొస్తే ఏ సంగతీ అనేవాడు కాదు. నోట్లో నాలుక లేని మనిషి.

మనిషి కూడా మాటలాగే పలచన. పొయ్యి సెగకి కనుబొమలు సగం కాలిపోయాయి, ముంజేతుల మీద వెంట్రుకన్నది మిగల్లేదు. కుడి బొటనవేలు గోరు ఎప్పుడో ఇనపమూత కింద పడి నలిగి, నల్లగా గిడసబారి ఉంటుంది. నడుముకి తెల్లగుడ్డ. దాని మీద మరక కనబడితే దొరసానమ్మ ఊరుకోదని మరిడమ్మ రోజూ ఉతికి ఆరేసేది. మూడు నెలలుగా అతనే ఉతుక్కుంటున్నాడు.

మరిడమ్మ అతని పెళ్లాం. బాప్తిస్మమప్పుడు పాదిరిగారు మార్త అని పేరు పెట్టారు గాని, ఆ పేరుతో పిలిస్తే ఆవిడ పలికేది కాదు. కడుపులో గడ్డ లేచి మంచాన పడింది. నిన్న ఆసుపత్రి కాంపౌండరు వచ్చి చెయ్యి పట్టుకు చూసి, గుమ్మం దాటాక, "ఏం తింటానంటే అది పెట్టవోయ్" అన్నాడు. ఆ మాటకి అర్థమేమిటో పేటలో పసిపిల్లల్ని అడిగినా చెబుతారు.

ఆవిడ వారం రోజులుగా తింటానంటున్నది ఒక్కటే. మొగల్తూరులో వాళ్ల అమ్మమ్మ కాల్చిన మినపరొట్టె. ఆ ముసలావిడ పెద్దిళ్లకి దంపుళ్లకి పోయి, కూలి కింద తెచ్చుకున్న పొట్టు మినప్పప్పూ బియ్యపు నూకా రుబ్బి పులియబెట్టేదట. ఎవరో ఓడవాళ్లు పారేసిన మందపాటి ఇనపగిన్నెలో ఆ పిండి పోసి, కింద నిప్పులు, మూత మీద నిప్పులు వేసి, బెత్తెడు మందాన కాల్చేదట. మరిడమ్మ పెళ్లయిన కొత్తలో ఆ రొట్టె గురించి చెబుతుంటే ముసలయ్య 'ఊఁ' కొట్టి నిద్రపోయేవాడు. ఇప్పుడు ప్రతి మాటా గుర్తు తెచ్చుకోవాల్సి వస్తోంది.

ఇంటి దగ్గర మూడుసార్లు కాల్చి చూశాడు. ఒకసారి నడుమ పచ్చిగా ఉండిపోయింది. ఒకసారి అట్టులా అణిగిపోయింది. మూడోసారి మట్టిగిన్నె పగిలి పొయ్యిపాలయింది. పలచటి గిన్నె, పిడకల మంట, ఎంత చేసినా అంతే. "దొరల నోటికి ముప్పై ఏళ్లు కాల్చావు, నా నోటికి ఒక్కటి కాల్చలేకపోయావా?" అని ఆవిడ నవ్వింది. నవ్వడానికే అంది గాని ముసలయ్యకి ఆ మాట ముల్లులా దిగబడింది. నిన్నటి నుంచి గంజి కూడా గొంతు దిగడం లేదు. ఈ పూట తినిపించకపోతే రేపటికి తినే మనిషి ఉంటుందో ఉండదో.

మందపాటి ఇనపగిన్నె ఊళ్లో అతనికి తెలిసి ఒక్కటే ఉంది. బంగళాది. పండక్కి దొరసానమ్మ తీపిరొట్టె కాల్పించే గిన్నె. అందులో మన తిళ్లు వండితే వాసన పట్టేస్తుందని ఆవిడ ఆంక్ష. ముప్పై ఏళ్లలో ముసలయ్య ఆ గిన్నెలో చారెడు నీళ్లు కూడా కాచుకోలేదు. ఈ తెల్లవారుజామున మాత్రం పులిసిన మినప్పిండి కుండ తువ్వాలు కింద దాచి తెచ్చి, వంటింటి మూల గోనెసంచి కప్పి పెట్టాడు.

పిండి ముద్దలు చేస్తుండగా దొరసానమ్మ గుమ్మంలోకి వచ్చింది. తెలుగు ఆవిడ పుస్తకంలో నేర్చుకుంది. "ముసలయ్యా, కాకినాడ నుండి ముగ్గురు దొరలు సాయంకాలమున పడవలో వచ్చుచున్నారు. నాలుగు రొట్టెలు కావలెను. రెండు కోళ్లు కావలెను. నీవు ఆలస్యము చేయరాదు."

"అమ్మగారండీ..."

"ఏమి?"

సెలవు కావాలని నాలుక చివరి దాకా వచ్చింది. ఎందుకని అడుగుతుంది. ఇంట్లో జబ్బంటే, జబ్బు మనిషిని ముట్టుకున్న చేతులు వంటింట్లోకి రాకూడదని గడప దాటించేస్తుంది. గడప దాటితే గిన్నె లేదు.

"చిత్తమండి," అన్నాడు.

మూడు జాములు గడిచేసరికి కోళ్లు ఉడుకుతున్నాయి, రొట్టెముద్దలు పొంగుతున్నాయి. దొరసానమ్మ మేడ మీద పక్కలు సర్దిస్తోంది. ముసలయ్య గిన్నె తీశాడు. ఛీ, దొంగతనం చేస్తున్నానా ఏమిటి, అనుకున్నాడు. చేస్తున్నట్టే ఉంది. గిన్నెకి నూనె రాసి పిండి పోశాడు. పిండి బాగా పులిసింది, చిన్న చిన్న బుడగలు లేచి పగులుతున్నాయి. ఇటుకల పొయ్యి వెనక సందులో కొబ్బరిచిప్పల నిప్పులు పరిచి గిన్నె పెట్టాడు. మూత మీద నిప్పులు పోసి, పైన బూడిద చల్లాడు. ఎంత సేపని ఎవరూ చెప్పలేదు. అడుగు ఎర్రబడ్డ వాసన రాగానే నిప్పులు లాగెయ్యాలి. ముక్కుతో వంట చేసే మనిషికి అదేం పెద్ద విద్య కాదు.

కాని దొరసానమ్మ దిగి వచ్చింది. కోడిగుడ్లూ పాలూ కలిపి కాచే పాయసంలాంటిది ఒకటి ఉంది, అది వంటవాళ్ల చేతిలో విరిగిపోతుందని స్వయంగా కలుపుతానని పీట వేసుకుని పొయ్యి ముందే కూర్చుంది. ఇక ముసలయ్య అవస్థ చూడాలి. సందులోకి వెళ్లాలంటే ఆవిడ పీట పక్కనుంచి వెళ్లాలి. వెళితే ఎందుకని అడుగుతుంది. పాలు అందించాడు, చక్కెర అందించాడు, గరిటె అందించాడు. ఆవిడ తాపీగా కలుపుతోంది. పులిసిన పిండి వేడెక్కిన వాసన ముందొచ్చింది. కొంచెం సేపటికి మినుము వేగిన వాసన. అదీ వాసన! ఈ క్షణాన తీస్తే అమ్మమ్మ రొట్టె. ముసలయ్య సందు వైపు ఒక్క అడుగు వేశాడు.

"ముసలయ్యా, పొయ్యిలో గాలి ఎక్కువైనది. తలుపు మూయుము."

మూశాడు. వచ్చి నిలబడ్డాడు. కాలు కాలిన పిల్లిలా అటూ ఇటూ కదిలాడు. వాసన ఘాటెక్కింది. చేదెక్కింది. అతని కళ్లెదుట మరిడమ్మ ఎండిన పెదవులు, ఆ పెదవులకి అందకుండా బొగ్గైపోతున్న రొట్టె. అయిపోయింది, నాలుగోదీ అయిపోయింది.

దొరసానమ్మ గరిటె ఆపి ముక్కు ఎగబీల్చింది. "ఏమి మాడుచున్నది?"

ఒక్క గెంతులో సందులోకి పోయి వట్టి చేతుల్తో మూత ఎత్తేశాడు. వేళ్లు చుర్రుమన్నాయి. రొట్టె మీదంతా పొంగి లేతబంగారంలా ఉంది. పళ్లెంలోకి బోర్లిస్తే అడుగు మాత్రం వేలెడు మందాన నల్లబారింది. దొరసానమ్మ వెనకే వచ్చి నిలబడింది. తన గిన్నె చూసింది, రొట్టె చూసింది, అతని ముఖం చూసింది.

"నా ఆడమనిషికండి," అన్నాడు ముసలయ్య. "పోతందండి. ఇదొక్కటే అడిగిందండి. మూడు నెల్ల నించి మంచానుందండి. తమరు ఈ గుమ్మం తొక్కొద్దంటారని చెప్పలేదండి. తమరి గిన్నె వాడేశానండి."

ముప్పై ఏళ్లలో అతను ఆవిడతో ఒక్క దమ్మున ఇన్ని మాటలు అనడం అదే మొదలు. ఆవిడ ముఖం ఎర్రబడింది. తిడుతుందనుకున్నాడు.

"నాతో ఏల చెప్పలేదు?" అంది మెల్లగా. "పొమ్ము. రొట్టెలు నేను తీసెదను. పొమ్ము!"

రొట్టెను అరిటాకులో చుట్టి, పైన తువ్వాలు కట్టి, ముసలయ్య కాలువ గట్టు పట్టాడు. పరుగు అనలేం గాని అతని కాళ్లకి అదే పరుగు. పొద్దు వాలుతోంది. పేట కాలువకి అవతల. అటు దాటాలంటే కాలువ నీళ్లాపే లాకు తలుపుల మీది బల్ల మీంచే దాటాలి. తీరా వెళ్లేసరికి తలుపులు తెరిచి ఉన్నాయి. కాకినాడ పడవ లోపలికి వస్తోంది. పడవ మీద తెల్లటోపీల దొరలు ముగ్గురు. అతను తెల్లారగట్ల నుంచి ఎవరికోసం పిండి పిసికాడో ఆ దొరలే.

"బాబూ, ఒక్క నిమిషం తలుపెయ్యి, దాటిపోతాను," అన్నాడు లాకు మనిషితో.

"పడవ లోపలికి రానివ్వద్దా తాతా? నీకోసం పడవాగుతుందా?" అన్నాడు వాడు.

పడవ అంగుళం అంగుళం లోపలికి జరుగుతోంది. ముసలయ్య గట్టున గడ్డిలో కూలబడ్డాడు. కూర్చుంటే చేతులు ఊరుకోలేదు. ఆకు విప్పాడు. నల్లటి అడుగు చూస్తే సిగ్గేసింది. ఆఖరికి తను పెళ్లానికి పెట్టబోయేది మాడిన రొట్టా? మొలలోంచి చాకు తీసి, బంగళాలో ముప్పై ఏళ్లుగా ప్రతి రొట్టెకీ చేసినట్టే, మాడిన అడుగంతా ఒడుపుగా ఒక్క చెక్కలా కోసి గడ్డిలోకి విసిరేశాడు. మిగిలింది తెల్లగా, మెత్తగా, దొరల బల్ల మీద పెట్టినా వంక పెట్టలేనట్టు ఉంది. మనసు కాస్త కుదుటపడింది. తలుపులు మూసుకున్నాయి. దాటాడు.

గుడిసె ముందు పక్కింటి రూతు నిలబడి ఉంది. మధ్యాహ్నం నుంచి మరిడమ్మ దగ్గర కూర్చుంది ఆ పిల్లే. "రా మావయ్యా, గుమ్మంవైపే చూస్తంది," అంది.

మరిడమ్మ ముఖం పిడికెడైపోయింది. కళ్లు మాత్రం అవే, చురుకైనవి. ముసలయ్య రొట్టె తుంచి వేళ్లతో మెత్తగా చేసి నోట్లో పెట్టాడు. ఆవిడ నమిలింది. ఎంతో సేపు నమిలింది. ముసలయ్య ఆవిడ గొంతు వైపు చూస్తూ కూర్చున్నాడు. గొంతు కదిలింది. దిగింది.

"ఇదేనయ్యా," అంది. "ఇదే పులుపు. మా అమ్మమ్మ చేసిందే."

ముసలయ్యకి దుఃఖం ఆగలేదు. మోకాళ్ల మధ్య ముఖం పెట్టుకుని ఏడ్చేశాడు. ఇన్నేళ్ల వంటలో ఇంత సంతోషం అతనికి ఎప్పుడూ కలగలేదు. ఆవిడ ఇంకో ముక్క తింది. తర్వాత ఆకులో వేళ్లతో తడుముతూ వెతికింది.

"మాడుచెక్క ఏదీ?"

"ఏంటే?"

"అడుగున మాడిన చెక్క. కరకరలాడేది. మా అమ్మమ్మ అందరికీ రొట్టె పెట్టి, ఆ చెక్క నాకొక్కదానికే దాచేది. రొట్టంటే నాకదేనయ్యా."

ముసలయ్య మొలలోని చాకు తడుముకున్నాడు. "కోసి పారేశానే... మాడిపోయిందని..."

మరిడమ్మ ఒక క్షణం అతన్నే చూసింది. తర్వాత నవ్వింది. పొట్ట పట్టుకుని, నొప్పికి ముఖం ముడిచి, మళ్లీ నవ్వింది. "పోనిచ్చావు కాదు నీ బంగళా బుద్ధి! పోన్లే, కూకో."

అతను కూర్చోలేదు. "లాకు దగ్గరే ఉంది. ఇట్టే తెచ్చేస్తాను. ఉండు మరిడీ, ఉండు!"

"వద్దయ్యా, ఇక్కడే ఉండు," అని ఆవిడ అంటూనే ఉంది. అప్పటికే గుమ్మం దిగిపోయాడు.

లాకు తలుపులు ఈసారి మూసే ఉన్నాయి. గట్టు మీద వెలుతురు సన్నగిల్లుతోంది. గడ్డంతా చేతుల్తో తడిమాడు. తుమ్మముళ్లు గుచ్చుకున్నాయి. దొరికింది. అంచుకి చీమలు పట్టాయి గాని కుక్కలు ముట్టలేదు. దేవుడా నీ దయ, అనుకుని చీమలు ఊదేసి, తువ్వాలుతో తుడిచి, గుండెలకి ఆనించి పట్టుకుని వెనక్కి తిరిగాడు. దారంతా అనుకుంటూ వచ్చాడు, ముందు దీన్ని కొంచెం వెచ్చచేయాలి, చల్లారితే కరకరలాడదు.

గుమ్మం దగ్గర రూతు చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. లోపల దీపం వెలిగించి ఉంది. మరిడమ్మ గుమ్మం వైపు తిరిగి పడుకుని ఉంది, ఎప్పటిలాగే. కళ్లు ఎవరో మూశారు.

"ఇప్పుడే మావయ్యా," అంది రూతు. "బాధ పళ్లేదు. నువ్వెళ్లాక నన్ను పట్టుకుని లేచి కూకుంది. రొట్టె తనే తుంచింది. ఆయన పొద్దుణ్ణించీ ఏమీ తిని ఉండడు, దొరలింట్లో తిండి ముట్టడు, ఇది ఆయనకుంచు అంది. మళ్లీ పడుకుంది."

ముసలయ్య చెక్కను చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు. ఇక్కడే ఉండమంది కదా, ఎందుకెళ్లాను, ఎందుకెళ్లాను అని లోపల ఒకటే మాట తిరుగుతోంది. మంచం పక్కన కింద కూర్చున్నాడు.

నేల మీద అరిటాకు పరిచి ఉంది. అందులో చిన్న ముక్కకి ఒక పక్క కొరికిన గుర్తు. పెద్ద ముక్క మీద, చీమలు పట్టకుండా, మట్టిమూకుడు బోర్లించి ఉంది.