సెయింట్ కింగా తూర్పు గోపురం

సెయింట్ కింగా చర్చి తూర్పు గోపురం ఇటుకలు పెచ్చులూడటం మొదలై చాలా కాలమైంది. ఎవరూ పట్టించుకోలేదు. ఒక పెళ్ళి రోజున చేటంత పెచ్చు మెట్ల మీద పడింది. ఎవరికీ తగల్లేదు. మర్నాడు మునిసిపాలిటీ మనుషులు వచ్చి చుట్టూ ఇనప కంచె కట్టి పోయారు. చలికాలం గడిచేసరికి గోపురాన్ని కూల్చడానికి చర్చి పై అధికారులు అనుమతి అడిగారు. గోపురం పోతే చర్చీ పోతుంది. రెండింటినీ మోసేది ఒకటే గోడ.

ఈ సంగతి నాకు బస్టాపులో తెలిసింది. ఏమీ అనిపించలేదు. మా ఆవిడ బ్రోనియా పోయాక నాకు ఏదీ పెద్దగా అనిపించడం లేదు. ఆకలేస్తే తింటున్నాను. మంచు పడితే వాకిట్లో ఊడ్చేస్తున్నాను.

ఆ చర్చిని కట్టింది ఈ దేశానికి వలసొచ్చి కబేళాల్లో పని చేసిన పోలిష్ వాళ్ళు. వాళ్ళ పిల్లలు ఊరి చివర్లకి వెళ్ళిపోయారు. ఇప్పుడు అక్కడ పాట పాడేదీ, నేల తుడిచేదీ మెక్సికో వాళ్ళు. పాత తాపీవాళ్ళలో ఆ వీధిలో మిగిలింది నేనొక్కణ్ణి. అందుకని చర్చి తాళాలు చూసుకునే మెక్సికో ఆవిడ రెఫూహియో ఒక ఇంజనీరమ్మను మా ఇంటికి తీసుకొచ్చింది. పాత కట్టడాలను కాపాడే కమిటీ తరఫున ఆమె గోపురాన్ని పరీక్షిస్తోంది. పేరు హాస్కెల్.

నేను కాఫీ ఇవ్వలేదు. ఆమె అడగలేదు. వచ్చిన పని సూటిగా చెప్పింది. పాత ఇటుక మెత్తనిది. దాని మధ్య సున్నం ఉంటే లోపలి తడి సున్నంలోంచి బయటికి పోతుంది. ఎనభై మూడో సంవత్సరం వేసవిలో ఎవరో ఆ సున్నం తవ్వేసి, సందుల్లో సిమెంటు కూరారు. అప్పట్నుంచీ తడి ఇటుకలోంచే పోవాల్సి వచ్చింది. చలికి అది గడ్డకట్టి ఇటుక ముఖాన్ని తోసేస్తోంది. ఆమె చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. నాకు తెలిసిందే, ఆమెకూ తెలుసు.

తెలియనిది ఒక్కటే. యంత్రపు నిచ్చెన అందినంత ఎత్తులో ఆమె తొలిచి చూసింది. సిమెంటు రెండంగుళాలు లోపలికి ఉంది. పైదాకా అంతే అయితే బయటి ఇటుకల వరస మొత్తం ఊడబెరకాలి. దానికి డబ్బు పెట్టేవాడు లేడు, కూల్చేస్తారు. పైన లోతు తక్కువైతే సిమెంటు గీకేసి మళ్ళీ సున్నం పెట్టొచ్చు, గోపురం నిలుస్తుంది. పైకి ఎక్కి చూడాలంటే కమిటీ గడువివ్వాలి. పని చేసినవాళ్ళలో ఒకరు నోరు విప్పి పైన లోతు తక్కువని చెప్తేనే గడువిస్తారు.

ఎవరు చేశారని అడిగింది. లుద్విక్ అని చెప్పాను. మిగతావాళ్ళు పోయారు.

లుద్విక్ బ్రోనియాకి అన్న. ఆ వేసవిలో చర్చి మగవాళ్ళని పోగేసి, కూలి లేకుండా గోపురం బాగుచేయించింది అతనే. మావాళ్ళకి గట్టిదే మంచిది. సున్నం బీదవాళ్ళ సరుకు, సిమెంటు మర్యాద గలది. నేను సిమెంటు వద్దన్నాను. నవ్వారు. అయితే నేను రానన్నాను. ఒళ్ళు వంగనివాడికి సున్నం ఒక సాకు అని లుద్విక్ మెట్ల మీద అందరి ముందూ అన్నాడు. ఆ వేసవి చివర ఒక ఆదివారం బ్రోనియా నా పక్కనుంచి లేచి వెళ్ళి అన్న బల్ల మీద కూర్చుంది. పోయేదాకా అక్కడే కూర్చుంది. ఇంట్లో వండిపెట్టింది, మాట్లాడింది. చర్చిలో మాత్రం నేను ఆమె వీపు చూశాను. ఎందుకని నేను అడగలేదు.

రెండంగుళాలు తవ్వాం, గోపురం మీది శిలువ దాకా. లుద్విక్ ప్రతి చర్చి పండగకీ ఈ మాట చెప్పేవాడు. జనం చప్పట్లు కొట్టేవాళ్ళు.

ఈస్టర్ ముందు శనివారం, బుట్టల్లో తెచ్చిన పండగ తిండిని ఫాదర్ దీవించే వేడుక కంచె బయట, కాలిబాట మీద పెట్టారు. గుడ్లు, సాసేజీ, ఉప్పు, ముల్లంగి తురుము. పోలిష్ ముసలివాళ్ళు కార్లలో దిగారు. లుద్విక్ కూడా వచ్చాడు. నన్ను చూసి ఆగాడు.

"బుట్టేదీ బావా?"

"తినేది ఒక్కణ్ణే. దీవించకపోయినా అరుగుద్ది."

నవ్వబోయి మానుకున్నాడు. పైన ఎంత లోతు తవ్వారని అడిగాను.

"ఊరందరికీ తెలుసుగా."

"ఊరికి తెలిసింది నాకక్కర్లేదు."

"పనికి రానోడివి, ఇన్నేళ్ళకి లెక్కలడుగుతున్నావా?"

"రాలేదు కాబట్టే అడుగుతున్నా. వచ్చుంటే చూసేవాణ్ణి."

ఇంజనీరమ్మ చెప్పింది మొత్తం చెప్పాను. రెండంగుళాలంటే కూలుస్తారు, తక్కువంటే ఉంచుతారు. అతను బుట్ట మీద గుడ్డ సర్దాడు. మళ్ళీ సర్దాడు.

"మరి నా మాట ఏమవుద్ది?"

"పోతుంది."

బుట్ట తీసుకుని వరసలోకి వెళ్ళిపోయాడు. ఫాదర్ చల్లిన నీళ్ళు నా మీద కూడా పడ్డాయి. తుడుచుకున్నాను.

కమిటీ విచారణ నగర భవనంలో జరిగింది. నేను వెనక వరసలో కూర్చున్నాను. చర్చి అధికారుల తరఫున కూల్చాలన్న వకీలు మర్యాదగానే మాట్లాడాడు. జనం నెత్తిన ఇటుక పడితే ఎవరు జవాబు చెప్తారని అడిగాడు. హాస్కెల్ తనకు తెలిసినంతే చెప్పింది, తెలియనిది తెలియదంది. రెఫూహియో తన పిల్లల బాప్తిస్మాల గురించి చెప్పింది. తర్వాత లుద్విక్‌ని పిలిచారు. వస్తాడనుకోలేదు. కోటు వేసుకుని, టోపీ చేత్తో పట్టుకుని లేచాడు. అధ్యక్షురాలు లోతు ఎంతని అడిగింది.

అతను పోలిష్ ముసలివాళ్ళు కూర్చున్న వరస వైపు చూశాడు. వకీలు గడియారం చూసుకున్నాడు.

"కింద రెండంగుళాలు," అన్నాడు లుద్విక్. "మెట్ల మీద జనం నించుని చూసేవాళ్ళు. గోపురం గడియారం దాటాక గోరంత లోతే. ఎండ, గాలి, చేతులు బొబ్బలు. పైపైన గీకి సిమెంటు పులిమేశాం. పైన చూసేది దేవుడొక్కడే, సర్దుకుంటాడ్లే అనుకున్నాం."

ఎవరో నవ్వారు. పోలిష్ ముసలివాళ్ళు నవ్వలేదు. ఒకావిడ లేచి బయటికి వెళ్ళిపోయింది.

కమిటీ గడువిచ్చింది.

నడవలో లుద్విక్ నా కోసం నిలబడి ఉన్నాడు. పక్కనుంచి పోబోతే చెయ్యి పట్టుకున్నాడు.

"బ్రోనియాకి తెలుసు బావా."

"ఏం తెలుసు?"

"పైన తవ్వలేదని. ఓ రోజు భోజనం తెచ్చి పరంజా ఎక్కింది. చూసింది. మా ఆయన్ని పనిదొంగ అన్నావు, దొంగపని నీదే, పోయి అందరికీ చెప్పు అంది. చెప్పేదాకా నీ పక్కనే కూర్చుంటానంది. నే చెప్తాలే అనుకున్నా. ప్రతి ఆదివారం వచ్చి కూర్చునేది. ఏమీ అనేది కాదు."

గోడ చలవరాయికి ఆనుకున్నాను. ఆమె నాకెందుకు చెప్పలేదో ఆలోచించాను. చెప్పి ఉంటే నేను అదే మెట్ల మీద నిలబడి అరిచేవాణ్ణి. అతను ఆ వీధిలో తలెత్తేవాడు కాడు. అది ఆమెకు తెలుసు. అంతవరకే నాకు అర్థమైంది. మిగతాది చెప్పే మనిషి లేదు.

"నువ్వు నోరు తెరిస్తే నా పక్కకొచ్చేది," అన్నాను.

"వచ్చేది."

"తెరవలేదు."

"సిగ్గేసింది బావా."

"ఇవాళ వెయ్యలేదా?"

"ఇవాళా వేసింది." టోపీ తిప్పుకుంటూ నిలబడ్డాడు. "కింద కాఫీ దొరుకుద్ది. ఓ కప్పు తాగి పోదాం."

వద్దన్నాను. చెయ్యి విడిపించుకుని మెట్లు దిగాను. కోపం వస్తుందేమో అని చూశాను. రాలేదు. ఏడుపూ రాలేదు. బయట వాన పడుతోంది. బస్సొస్తే ఎక్కాను.

జూన్‌లో హాస్కెల్ పైదాకా ఎక్కి తొలిచి చూసింది. అతను చెప్పినట్టే గోరంత. కూల్చే అనుమతి రద్దయింది. ఎండలు తగ్గేలోపు పరంజా లేచింది, కుర్రవాళ్ళు సిమెంటు గీకడం మొదలుపెట్టారు. సున్నం కలిపేటప్పుడు వచ్చి చూడమని హాస్కెల్ కబురు పంపింది. ఆమె మనుషులకి పని వచ్చు, నేను అక్కర్లేదని చెప్పించాను.

రెఫూహియో ఒక సాయంత్రం వచ్చి గుమ్మంలో నిలబడింది. లుద్విక్ రోజూ వస్తున్నాడట. ఊరి చివర నుంచి రెండు బస్సులు మారి వచ్చి, కంచె పట్టుకుని పైకి చూస్తుంటాడట. పోలిష్ వాళ్ళెవరూ పలకరించడం లేదట.

"మీరొస్తారేమో అని వీధి చివరికి చూస్తుంటాడు పెద్దాయనా. ఒక్కసారి వచ్చి పోండి. ఆయన మాట వల్లేగా గోపురం దక్కింది."

"దక్కింది," అన్నాను. "కుర్చీ వేసి కూర్చోబెట్టు. ఎండకి పడిపోతాడు."

"మీరు రారా?"

"రాను."

ఆమె తల పంకించి వెళ్ళిపోయింది. తలుపు వేసుకుని, పొయ్యి మీద బంగాళాదుంపలు ఉడికాయో లేదో చూశాను.