నాలుగో కొక్కెం

కళ్ళద్దాల షాపులో ఆమె చెయ్యి వణకగా చూసినవాళ్ళు లేరు. ఆవగింజంత మరని పట్టకారుతో పట్టుకుని ఫ్రేములో కూర్చోబెట్టి బిగించడం ఆమె ఉద్యోగం. అటువంటి చెయ్యి ఆదివారం పొద్దున్న, బల్ల మీద బంతులాట ఆడే పూల్ హాల్లో, మాస్టారి ఎదురుగా, క్యూ కర్ర పట్టుకునేసరికి చలిజ్వరం వచ్చినట్టు వణికిపోయింది.

హాల్లో ఆమెను అందరూ డాక్టరుగారి మరదలంటారు. ఆ డాక్టరు ఆమెకు స్వయానా ఆడపడుచు. ఆవిడ వృత్తి పళ్ళు పీకడం, సరదా పూల్ ఆడటం, రెండింటిలోనూ జాలి తక్కువ. హాలు జట్టుకి కెప్టెన్ కూడా ఆవిడే. ఏటా చుట్టుపక్కల హాళ్ళన్నిటికీ కలిపి జరిగే పోటీకి ఒక్కో హాలు నుంచి నలుగురు వెళ్ళాలి. ఆ నలుగురూ ఎవరని ఎవరినీ అడగక్కర్లేదు. కౌంటరు వెనక గోడకి నాలుగు ఇత్తడి కొక్కేలున్నాయి. వాటికి ఎవరి కర్రలు వేలాడుతుంటే వాళ్ళే జట్టు. కొత్తగా చేరాలనుకున్నవాళ్ళు నాలుగో కొక్కెం మనిషిని సవాలు చెయ్యాలి. ఆడేది ఇద్దరూ హాలు కర్రలతోనే, తేలేదాకా కొక్కేనికున్న కర్ర కదలకూడదు. మూడాటల్లో రెండు గెలిస్తే పాత కర్ర దిగుతుంది, కొత్తది ఎక్కుతుంది. ఓడితే నెల తిరిగేదాకా ఆ ఊసెత్తకూడదు.

నాలుగో కొక్కెం మాస్టారిది.

ఆయన లెక్కల మాస్టారు. ఉద్యోగం వదిలి చాలా కాలమైంది కానీ ఆ సంగతి ఆయనకి ఎవరూ చెప్పినట్టు లేదు. హాలుకొచ్చే వాళ్ళలో సగం మంది ఆయన దగ్గర చెవులు మెలిపెట్టించుకున్నవాళ్ళే, ఆమెతో సహా. ఆయన ఆట గొప్పదేమీ కాదు. కానీ ఎదుటి మనిషి వంగి గురి చూసుకునే వేళకి సరిగ్గా బంతి పడాల్సిన పాకెట్ వెనక్కి వచ్చి నిలబడతారు. కర్ర మొనకి రాసుకునే సుద్దతో బల్ల అంచు మీద టక్కు టక్కుమని కొడతారు. ఆ చప్పుడు వింటే బట్టతలలొచ్చిన మగాళ్ళు కూడా ఎక్కం మర్చిపోయిన మొహాలు పెడతారు. ఆయన దాన్ని ఎత్తుగడ అనుకోరు, క్రమశిక్షణ అనుకుంటారు.

ఆమె ఈ ఆటలోకి అనుకుని వచ్చింది కాదు. ఒకరోజు వదిన స్కూటరు మీద ఇంటికెళ్దామని హాల్లో ఎదురుచూస్తూ, ఊరికే కూర్చోలేక ఒక కర్ర తీసి ఒక బంతిని పొడిచింది. అది పోయి పాకెట్‌లో పడింది. ఆ పడిన చప్పుడు ఆమెకి మహా నచ్చింది. అత్తగారికోసమో, మొగుడికోసమో, పిల్లాడి స్కూలుకోసమో కాకుండా ఒక పని కావాలనిపించడం పెళ్ళయ్యాక అదే మొదలు. ఏడాది తిరిగేసరికి కొక్కెం మీద కన్నుపడింది. కన్ను పడ్డాక ఇంక నిద్ర పట్టలేదు.

ఆ ఆదివారం ఆమె మొదటి సవాలు. మొదటి ఆట వణుకుతోనే పోయింది. తెల్ల బంతితో కొట్టి, చారల బంతులు ఒకరూ నిండు రంగువి ఇంకొకరూ పడేసుకోవాలి; తనవన్నీ అయ్యాక నల్ల బంతిని పడేసినవాళ్ళదే ఆట. రెండో ఆటలో ఎలాగో నిలదొక్కుకుని ఒక చారల బంతిని మూలకి కొట్టింది. బంతి చక్కగా పడింది. బంతి పడితే మళ్ళీ ఆడాల్సింది ఆమే. చిన్నపిల్లలకి కూడా తెలిసిన నియమం. మాస్టారు సుద్దతో అలవాటుగా రెండుసార్లు కొట్టారు. అంతే, ఆమె బుద్ధిగా వెళ్ళి కుర్చీలో కూర్చుంది.

 మాస్టారు చుట్టూ చూశారు. అడ్డుచెప్పే నాథుడు కనబడలేదు. వచ్చి తన బంతులన్నీ, చివర నల్లదాన్నీ తీరిగ్గా కొట్టుకున్నారు.

 బయటికొచ్చి స్కూటరు తాళం తిప్పుతూ వదిన అడిగింది.

"ఎందుకు కూర్చున్నావే?"

"మాస్టారు సుద్ద కొట్టారు వదినా."

"కొడితే?"

"క్లాసులో జవాబు తప్పైతే నిలబెట్టేవారు. కరెక్టైతే బల్ల మీద రెండుసార్లు కొట్టేవారు. అంటే ఇంక కూర్చోమని."

 వదిన హెల్మెట్ పెట్టుకుంది, లోపల నవ్వుకోవడానికి వీలుగా.

"పళ్ళ డాక్టరునై ఇన్నాళ్ళైంది, ఇంత లోతు వేరు ఎక్కడా చూడలేదు. ఎక్కు."

ఇంటికొచ్చేసరికి మొగుడికి విషయం తెలిసిపోయింది. ఆ హాల్లో గోడలకి చెవులుండటమే కాదు, ఫోన్లు కూడా ఉన్నాయి.  అతను కంచం పెట్టి, వడ్డించి, ఆమె రెండు ముద్దలు తిన్నాక బల్ల మీద వేలితో టక్కు టక్కుమని కొట్టాడు. ఆమె చూసిన చూపుకి వేలు వెనక్కి తీసుకున్నాడు.

"నెల తిరగ్గానే మళ్ళీ సవాలు చేస్తాను," అంది.

"పోటీ పేర్లిచ్చేది కూడా అప్పుడేగా. ఈసారి పోతే ఇంక వచ్చే ఏడే."

"అందుకే చేస్తానంటున్నా."

మర్నాటి నుంచి భోజనాల బల్ల ఆమె స్వాధీనమైంది. ఖాళీ సీసా ఒకటి అడ్డంగా పడుకోబెట్టి, దాని మూతికి తగలకుండా కర్ర మొనని లోపలికీ బయటికీ ఆడించడం పని. కూర దించడానికి చోటు లేక మొగుడు గిన్నె చేత్తో పట్టుకుని తినేవాడు. పిల్లాడికైతే పండగే, చదువుకోమంటే బల్ల ఖాళీ లేదనేవాడు. వారం తిరక్కుండా కర్ర సీసాకి తగలకుండా నూలుపోగులా వెళ్ళి రావడం మొదలెట్టింది. ఒంటరిగా ఉన్నప్పుడు చేతికి ఏ లోటూ లేదు.

"చేతిది కాదు జబ్బు," అంది వదిన. "ఎవరైనా చూస్తే వచ్చే జబ్బు. అయితే నేను చూస్తా."

షాపులో మధ్యాహ్నం భోజనాల వేళ, హాలు ఖాళీగా ఉండే సమయంలో, ఆమె అక్కడికి వెళ్ళేది; వదిన క్లినిక్ నుంచి తెల్ల కోటుతోనే వచ్చేసేది. మరదలు వంగేది. వదిన దగ్గేది. మరదలు గురి చూసేది. వదిన తాళంచెవులు గలగలలాడించేది. కర్ర వెనక్కి లాగే సరికి, "మీ ఆయన ఎనిమిదో ఏడు దాకా పక్క తడిపేవాడు తెలుసా" అనేది మామూలుగా. బంతి ఎటో పోయేది.

"వదినా, ఇది అన్యాయం."

"మాస్టారు న్యాయంగా కొడతాడా సుద్ద? నీకు ఏదైనా అడ్డం వచ్చిందనుకో, లే. లేచి నిలబడు. సుద్ద రాసుకో. మళ్ళీ మొదటి నుంచి వంగు. సగంలో చెడిన దాన్ని లాక్కొచ్చి కొట్టకు. లేవడానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు, బల్ల నీది."

ఆమె లేచేది. మళ్ళీ వంగేది. వదిన పాకెట్ వెనక సుద్దతో కొట్టేది. మళ్ళీ లేచేది. ఒకరోజు భోజన విరామం మొత్తం ఒక్క బంతీ కొట్టకుండా లేవడం, వంగడంతోనే సరిపోయింది. నడుం పట్టేసింది. షాపులో ఆ సాయంత్రం ఓనరు ఆమె నడక చూసి, బరువులెత్తావా అని అడిగాడు. గుంజీళ్ళు తీశానంది. అబద్ధం కాదు.

"భయం మాత్రం పోవట్లేదు వదినా," అని ఒకరోజు ఒప్పుకుంది. "వస్తూనే ఉంది. ఎప్పుడు పోతుందది?"

వదిన కర్ర పక్కన పెట్టింది. "నా కుర్చీలో కూర్చునే ప్రతి మనిషికీ భయమే. భయం తగ్గాక పీకుదాంలే అని నేను కూర్చుంటే క్లినిక్ మూసుకోవాల్సిందే. భయం ఉండగానే పీకాలి. నీ చెయ్యి వణుకుతూనే కొట్టు. వణుకుతున్న చేత్తో ఎంత దగ్గర బంతి పడుతుందో అంతే కొట్టు. మిగతావి వదిలెయ్."

ఇంకొకటి కూడా ఆమె మనసులో నలుగుతూ ఉంది. అది వదినకి చెప్పలేదు, మొగుడికి చెప్పింది, దీపం ఆర్పబోతూ.

"మాస్టారి కర్ర నా చేత్తో దింపడం బావుంటుందా?"

"ఆయన ఎక్కినప్పుడు ఆ కొక్కేనికి ఎవరి కర్రా లేదనుకున్నావా?" అన్నాడతను ఆవులిస్తూ. "ఎవరో పెద్దాయన్ని దింపే ఎక్కాడు. దింపు, దింపకపో, ఆ సీసా మాత్రం నా వైపు నుంచి తియ్యి."

నెల తిరిగింది. ఆదివారం పొద్దున్న హాలు పెళ్ళివారి విడిదిలా ఉంది. కూర్చున్నామె కథ ఊరంతా పాకింది కదా, మళ్ళీ కూర్చుంటుందేమో చూద్దామని వచ్చినవాళ్ళే ఎక్కువ. ఒకడు ఆమెకి మర్యాదగా కుర్చీ కూడా జరిపాడు. ఆమె థాంక్స్ చెప్పి దాని మీద తన సంచి పెట్టింది.

మొదటి ఆట ఆమె గెలిచింది. గొప్పగా ఆడి కాదు. మాస్టారు నల్ల బంతితోపాటు తెల్లదాన్ని కూడా పాకెట్‌లో పడేసుకున్నారు, అలా పడితే ఆట ఎదుటివాళ్ళదే. రెండో ఆటలో చెయ్యి వణికి తేలికైన బంతి తప్పింది, ఆయన వదల్లేదు. లెక్క సమానం. మూడో ఆట మిగిలింది, దానితోపాటు కొక్కెం.

మూడో ఆటలో ఆమెవన్నీ అయిపోయి నల్ల బంతి ఒక్కటే మిగిలింది. మాస్టారివి ఇంకా రెండున్నాయి. ఆమె వంగింది. నల్ల బంతి పక్క పాకెట్‌కి ఏటవాలుగా, దూరంగా ఉంది. మాస్టారు లేచి వచ్చి ఆ పాకెట్ వెనకే నిలబడ్డారు. టక్కు టక్కు.

ఆమె లేచి నిలబడింది. సుద్ద రాసుకుంది.

"ఏమ్మా," అన్నారు మాస్టారు, "లెక్క రాలేదా?"

జనం నవ్వారు. ఆమె చెవులు వేడెక్కాయి. క్లాసులో అయితే ఈపాటికి కళ్ళలో నీళ్ళు తిరిగేవి.

"వస్తోంది మాస్టారూ. మీరు కాస్త పక్కకి జరిగితే ఇంకా తొందరగా వస్తుంది."

ఈసారి జనం నవ్వింది ఆమెను చూసి కాదు. మాస్టారు ఒక అడుగు జరిగారు. ఆమెకి తెలుసు ఆ అడుగు ఎంత దూరమో. బయట ఎవరికీ కనబడదు కానీ ఆ అడుగు ఆయన జరిగిన తర్వాత బల్ల ఒక్కసారిగా పెద్దదైంది.

మళ్ళీ వంగింది. చెయ్యి వణుకుతూనే ఉంది. ఈ చెయ్యితో అంత దూరం బంతి పడదని ఆమెకి స్పష్టంగా తెలిసింది. పడదని తెలిశాక కొట్టడం ధైర్యం కాదు. నల్ల బంతిని మెల్లిగా, ముద్దుగా తాకించింది. అది జరిగి మూల పాకెట్‌కి కాస్త ఇవతల అంచుకి ఆనింది. తెల్లది దాని వెనకే వెళ్ళి నక్కింది.

"అయ్యో, తప్పిందే," అన్నాడు కుర్చీ జరిపినవాడు.

వదిన వాడి వైపు చూసింది, పిప్పిపన్ను చూసినట్టు. మాస్టారు నవ్వుతూ బల్ల దగ్గరికి వచ్చారు. వచ్చాక నవ్వు ఆగింది. ఆయన రెండు బంతులూ నల్ల బంతికి అవతల ఉన్నాయి. వాటిలో ఒకదాన్నే ముందు తాకాలి. నేరుగా దారి లేదు. ఆయన ఇటు నుంచి చూశారు, అటు నుంచి చూశారు, కళ్ళద్దాలు తుడుచుకున్నారు. చివరికి అంచుకి కొట్టి మళ్ళించబోయారు. తెల్ల బంతి దేన్నీ తాకకుండా బల్లంతా విహారయాత్ర చేసి ఆగింది.

ఫౌల్. ఇక తెల్ల బంతిని ఆమె చేత్తో తీసి ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకోవచ్చు.

పెట్టుకుంది. నల్ల బంతి మూల పాకెట్‌కి జానెడు దూరంలో ఉంది, ఇలాంటిది పిల్లాడు కూడా కొడతాడు. సరిగ్గా అందుకే భయం ఎక్కువ. కష్టమైనది తప్పితే సానుభూతి, ఇది తప్పితే జీవితాంతం కథలు. వంగింది. కుర్చీలు కిర్రుమన్నాయి. లేచింది. సుద్ద రాసుకుంది. ఎవరో విసుక్కున్నారు. విసుక్కోనీ అనుకుంది. వంగింది. మాస్టారు దగ్గారు, బహుశా నిజం దగ్గే. లేచింది. ఆయన వైపు తిరిగి, "మంచినీళ్ళు కావాలా మాస్టారూ?" అని అడిగింది. వెటకారం లేదు, ఆయనకి నిజంగా కావాలంటే తెచ్చేదే. ఆయన వద్దని చెయ్యి ఊపారు.

మూడోసారి వంగింది. ఇక లేవాల్సిన పని పడలేదు. చెయ్యి వణికింది, వణుకుతూనే ముందుకెళ్ళింది. నల్ల బంతి పాకెట్ అంచుని రాసుకుని, కొంచెం ఆలోచించి, లోపలికి దిగింది.

 వదిన కౌంటరు వెనక్కి వెళ్ళి నాలుగో కొక్కెం నుంచి కర్ర దింపి, రెండు చేతులా తెచ్చి మాస్టారికిచ్చింది. అంత మర్యాద ఆవిడలో ఉందని హాల్లో ఎవరికీ తెలియదు.

మాస్టారు కర్ర తీసుకుని సంచిలో పెట్టబోయి ఆగారు. ఆయన మొహం ఎర్రగా ఉంది. అలా వెళ్ళిపోవడం ఆయన వల్ల కావడం లేదని ఆమెకి అర్థమైంది.

"ఇంకో ఆట ఆడదాం," అన్నారు. "ఇందాక కాస్త ఎండ కళ్ళలో పడింది."

"సవాలు అయిపోయింది మాస్టారూ," అంది వదిన. కిటికీలకి తెరలున్నాయని కూడా అనబోయింది కానీ మరదలు వారించింది.

"ఆడదాం మాస్టారూ, ఊరికే సరదాకి," అంటూ ఆమె బంతులన్నీ పోగేసి త్రికోణంలో సర్దింది. ఆయన అలవాటుగా మొదటి దెబ్బ కొట్టడానికి బల్ల తల వైపుకి నడిచారు. ఆమె తెల్ల బంతిని తన గుప్పిట్లోకి తీసుకుని, ఆయనకంటే ముందు అక్కడికెళ్ళి నిలబడింది.

"గెలిచినవాళ్ళదే బ్రేక్, మాస్టారూ," అంది. "మీరు కూర్చోండి."