నవలకు కృతజ్ఞత కూటం

రేపల్లె మత్తయి నవల రాశాడంటే మొదట ఎవరూ నమ్మలేదు. నిజాంపట్నం రేవులో ఏళ్ళ తరబడి బోటు ఇంజను చూసుకున్నవాడు, నలుగురిలో పట్టుమని నాలుగు మాటలాడనివాడు, అంత లావు పుస్తకం రాశాడంటే ఎవరికి నమ్మబుద్ధవుతుంది? అచ్చయ్యాక మాత్రం చదివినవాళ్ళు చదివినట్టే ఫోన్లు చేశారు. పుస్తకం పేరు 'మొగ దాటిన బోటు'. కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోటును అటువైపు మొగ అంటారు. అట్ట మీద, పేరు కింద, 'రచయిత జీవితం ఆధారంగా' అని వేయించాడు.

తెనాలిలో పాఠకుల సభ పెట్టారు. తుఫాను అధ్యాయం చదివాక ఫ్యాను చప్పుడుకి కూడా ఉలిక్కిపడ్డానని నీరజ టీచరు చెప్పింది. రాజ్ కుమార్ అనే గుమాస్తా లేచి, "ముందు యాభై పేజీలూ వలలు బాగుచేసుకోవడమేనండి. మా ఆవిడ అక్కడే పడుకుండిపోయింది. లేపినా లేవనంటోంది" అన్నాడు. హాలు గొల్లుమంది. ఆ నవ్వులోనే అతను అడిగాడు: "తుఫానులో నడుముకి తాడు కట్టుకుని దూకి, నీళ్ళలో పడ్డ ఆ కుర్రాణ్ణి లాగారు గదా. అది నిజంగా జరిగిందేనా సార్?"

మత్తయి జారింది అక్కడే. కల్పన అని ఒక్క మాటంటే పోయేది. నవలలో కల్పన తప్పేమీ కాదు. కానీ అన్ని కళ్ళు అలా తన మీద నిలబడటం అతను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

"జరక్కుండా ఎలా రాస్తానండీ?" అన్నాడు.

చప్పట్లు మోగాయి. ఆ మాట ఎవరో ఫోనులో పట్టి ఊరూరా పంపారు.

నిజానికి ఆ తుఫానుకి బోటును మడ అడవిలోకి తోలి, చెట్లకి కట్టేశారు. మత్తయి ఇంజను పక్కన ముడుచుకు పడుకుని వాంతులు చేసుకున్నాడు. దూకిందీ లేదు, లాగిందీ లేదు.

కొన్నాళ్ళకు బాపట్ల అవతల, కర్లపాలెం పక్క ఊరి నుంచి సింధు అనే ఆమె ఫోను చేసింది. "మీ పుస్తకం గురించి మా ఇంట్లో కూటం పెట్టుకుంటున్నామండి. మా అత్తయ్య మిమ్మల్ని తప్పకుండా రమ్మంటోంది." మరో పాఠకుల సభ అనుకున్నాడు మత్తయి. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని రేపల్లెలో రైలెక్కి, తెనాలిలో మారి, బాపట్లలో దిగి ఆటో ఎక్కాడు. దారి పొడుగునా ఏం మాట్లాడాలో నెమరేసుకుంటూనే ఉన్నాడు.

ఇంటి ముందు షామియానా వేశారు. పక్కన పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. పాస్టరు అయ్యగారు బైబిలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఒక ముసలామె గబగబా ఎదురొచ్చి మత్తయి చేతులు రెండూ పట్టుకుంది.

"వందనాలు నాయనా. నేను అన్నమ్మని. జీవన్ కుమార్ తల్లిని."

ఆ పేరెవరిదో మత్తయికి తెలియలేదు.

"పేరు మార్చి రాశావులే. చెవి కింద పుట్టుమచ్చ మాత్రం మార్చలేదు. ఆ తుఫానుకే గదా మావాడు పోయింది. శవం దొరకలా. ఏటేటా ఈ రోజున జ్ఞాపకార్థ కూటం పెట్టి ఏడ్చేవాళ్ళం. సింధు నీ పుస్తకం చదివి వినిపించాక ఫొటోకి దండ తీసేశాను. నువ్వు లాగావు, వాడు బతికాడు, ఎవరిదో ఓడెక్కి వెళ్ళాడని రాశావు. వస్తాడు. ఈ ఏడు పెట్టింది కృతజ్ఞత కూటం నాయనా."

నవలలో కుర్రాడికి ఏదో ఒక గుర్తుండాలని తను ఊరికే పెట్టిన పుట్టుమచ్చ అది.

కోడలు సింధు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. తలలో మల్లెపూలు. చాలా ఏళ్ళకి పెట్టుకున్నదేమో, మాటిమాటికీ తడుముకుంటోంది. వెనక కుర్చీల్లో ఆడవాళ్ళు గుసగుసలాడుకుంటున్నారు.

"పూలు పెట్టిందే, పిల్ల!"

"పెట్టదా మరి? మొగుడు ఓడ మీదున్నాడంట."

"ఉన్నోడైతే ఒక్క ఫోనన్నా చెయ్యడా?"

"పుస్తకంలో ఫోను రాయలేదు కాబోలు."

పాట అయ్యింది, ప్రార్థన అయ్యింది. "ఇప్పుడు మత్తయి గారు సాక్ష్యం చెబుతారు" అన్నారు అయ్యగారు. కూటంలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పడమంటే దేవుడు వింటుండగా జరిగింది జరిగినట్టు చెప్పడం. మత్తయి కూడా చిన్నప్పటి నుంచీ అలాంటి కూటాల్లో పెరిగినవాడే. వాళ్ళు నవలను ఎలా చదివారో అప్పుడు అర్థమైంది. అట్ట మీది 'జీవితం ఆధారంగా' అన్న మాటకి ఇక్కడ సాక్ష్యమనే అర్థం.

లేచాడు.

"అయ్యగారూ, అది సాక్ష్యం కాదండి. నవలండి."

"నవలేనండి. మీ జీవితమే గదా?"

"బోటు నా జీవితమండి. ఆ దూకడం నేను కట్టిన కథ. నేను ఎవర్నీ కాపాడలేదు. అసలు అలాంటి కుర్రాడే లేడు."

"తెనాల్లో జరిగిందనే చెప్పావు గదయ్యా, ఫోనులో చూశాంగా!" అన్నాడు వెనక నుంచి ఒకాయన.

"అబద్ధం చెప్పానండి."

సింధు లేచి లోపలికి వెళ్ళింది. అన్నమ్మ ఏడవలేదు, తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండునని మత్తయికి అనిపించింది.

"పోనీ, ఆ రోజు నువ్వెక్కడున్నావు?" అంది.

"మడల్లోనమ్మా. బోటు కట్టేసుకుని పడుకున్నాం."

"ఎవరన్నా కేకేశారా? అమ్మా అని గానీ..."

"గాలి తప్ప ఏమీ వినబళ్ళేదమ్మా."

ఆమె చాలాసేపు అతని మొహంలోకి చూసింది.

"ఇదన్నా నిజమేనా నాయనా? ఇది కూడా నాకోసం కట్టావా?"

"నిజమేనమ్మా."

అన్నమ్మ అయ్యగారి వంక తిరిగింది. ఆయన బైబిలు మీదికి తల దించుకున్నారు. కుర్చీల్లోని ఒక్కొక్కరి వంకా చూసింది. నమ్మొచ్చమ్మా అని చెప్పే మనిషి ఒక్కరూ లేరు. మత్తయి అలాగే నిలబడి ఉన్నాడు. కూర్చోమని ఎవరూ అనలేదు.