సుద్దగీతకు అటూ ఇటూ

లేకపోతే మొత్తం తుడిచేస్తే పోలా, అనుకున్నాడు, అనుకుని వెంటనే ఆ ఆలోచననే తుడిచేశాడు, ఎందుకంటే ఈ ల్యాప్‌టాప్ అక్క వాడి వాడి తనకిచ్చింది, మోతలో విమానం, వేడిలో ఇస్త్రీపెట్టె, ఆన్ చేశాక గడ్డం గీసుకుని, అది మళ్లీ పెరిగేదాకా ఆగితే తెరుచుకుంటుంది, తెరుచుకోగానే అక్క కేక, తను ఆమె పుస్తకంలో ప్లాస్టిక్ బల్లిని పెట్టినప్పుడు అరిచిన కేక, రికార్డు చేసి దీంట్లో పెట్టిందీ తనే, ఏడేళ్లు అది వింటూనే చదువుకుంది గానీ తీసేయలేదు, ఇప్పుడేమో సోమవారం నుంచి తనకు ఉద్యోగం, వాళ్లకు లినక్స్ కావాలట, పాత విండోస్ ఉండగా దాన్నెక్కడ పెట్టడం, పెన్‌డ్రైవ్‌లో అయితే సంచీ విప్పని చుట్టంలా వచ్చిపోతుంది, విండోస్ లోపలే వర్చువల్ మెషీన్‌గా పెడితే మంచం మీద దుప్పటి గుడారం వేసుకుని అందులో కాపురమున్నట్టు, ఈ కాస్త ర్యామ్‌కి రెండూ ఊపిరాడక పోతాయి, ఇక మిగిలింది డిస్కును రెండు వాటాలు చేయడం, అటు అక్క విండోస్, ఇటు తన లినక్స్, ఫోన్‌లో అక్క, ఒరేయ్ కోతీ, ఇంకా ఆలోచిస్తున్నావా, ఆ పాతదంతా తీసిపారెయ్‌రా, అది కాదక్కా, నీ ఫొటోలు, నీ పళ్ల పాఠాలు, ఆ కేక, పళ్లు రోజూ చూస్తూనే ఉన్నాన్లే, కేకంటావా, కావాలంటే ఇప్పుడే పెడతా, పేషెంటు నోరు తెరుచుకుని కూర్చున్నాడు, ఉంటా.

తెర మీద పొడవాటి పట్టీ, మధ్యలో గీత, మౌస్‌తో పట్టుకుని ఎటైనా జరపొచ్చు, అచ్చం చిన్నప్పటి ఆ గదిలాగే, తనకు తొమ్మిదేళ్లు, అక్కకు పదిహేను, కొట్లాటలు పడలేక అమ్మ నేల మీద సుద్దతో గీసిన గీత, ఇటు నీది, అటు దానిది, దాటారో కాళ్లు విరగ్గొడతా, కిటికీ అక్క వైపు పడింది, అన్యాయం, అక్క ట్యూషన్‌కి వెళ్లగానే తడిగుడ్డతో గీత చెరిపి వేలెడు అవతల మళ్లీ గీసేవాడు, రోజుకు వేలెడు, ఇంత చప్పుడు లేకుండా రాజ్యం ఆక్రమించిన రాజు చరిత్రలోనే లేడు, ఇంకో ఏడాది ఆగితే పక్కింటి వంటగది కూడా తనదయ్యేదే, కిటికీ తన వైపుకొచ్చిన రోజు కూడా అక్క ఒక్క మాటనలేదు, మొద్దు, పాపం, అని జాలిపడ్డాడు, మౌస్‌తో గీతను ఇంకాస్త లాగాడు, అక్క వాటా సన్నబడింది, సన్నబడి ఆగిపోయింది, లోపలి సామాను జరిపితే గానీ ఇక చోటు లేదంది తెర.

సామాను, మంచం, అక్క ఇనప మంచం, గీతకు ఆనుకునే ఉండేది కదా, గీత జరిగితే మంచం గీత మీదకు రావాలి, ఒక్కరోజూ రాలేదు, తను జరిపింది గీతనే, ఆ మంచాన్ని కదపడానికి నాన్నే రెండుసార్లు ఊపిరి పీల్చుకునేవాడు, మరి రోజూ వేలెడు వేలెడు, అటు గోడకు అంటుకునేదాకా, దాన్ని జరిపిందెవరు.

మౌస్ మీద చెయ్యి ఆగింది, అక్కకు మొదటిరోజు నుంచే తెలుసు, గీతను వేలెడు వెనక్కి జరిపాడు, ఇంకో వేలెడు, ఇంకోటి, కిటికీ మళ్లీ అక్క వైపుకు వెళ్లేదాకా.