మేం చేసిన తాళం

ఆకురాయి వాళ్ళమ్మను మంచంతో సహా ఎత్తి వీధిలో పెట్టారు. పట్టపగలు, నెత్తి మాడే ఎండలో. కార్మికులారా, విద్యార్థులారా, ఇది విన్నమాట కాదు, కళ్ళారా చూశాను. తలుపుకు తాళం వేసి, పైన సీలు కాగితం అంటించి బ్యాంకువాళ్ళు జీపెక్కారు. ఆ తాళం మా ఫ్యాక్టరీదే. గేటు మూయకముందు మేం ఆఖరుగా చేసిన సరుకు అది.

ఆకురాయిది తాళంచెవుల గాట్లు అరగదీసే పని. అందుకే ఆ పేరు. ఐదు నెలల కిందట యజమాని ఫ్యాక్టరీ మూసేస్తే నూట ఎనభై మందిమి రోడ్డున పడ్డాం. ఇంటి లోను కిస్తీకి అదేం పట్టలేదు, నెల తిరిగేసరికి గుమ్మంలో నిలబడేది. పాత లోను మార్చి తక్కువ కిస్తీతో కొత్తది రాయమని ఆకురాయి బ్యాంకు చుట్టూ తిరిగాడు.

"జీతం కాగితం తెండి" అన్నాడు మేనేజరు.

"జీతమే ఉంటే మీ కాళ్ళెందుకు పట్టుకుంటాను సార్?"

"పోనీ, కంపెనీ లెటరు."

'నా ఇష్టంతోనే మానేశాను' అని సంతకం పెట్టించుకున్నాకే కంపెనీ లెటరిచ్చింది. ఆ ముక్క లెటర్లోనూ ఎక్కించింది. అది చదివి బ్యాంకు మేనేజరు నవ్వాడు. "పని వద్దనుకుని మానేసినవాడికి లోనెలా మారుస్తామయ్యా?"

తాళం పడిన గంటకే గేటు ముందు మీటింగు పెట్టుకున్నాం.

"ఫ్యాక్టరీ మూసినందుకు మనం కోర్టులో కొట్లాడుతుంటే వీడు దొంగచాటుగా సంతకం పెడతాడా? అనుభవించనీ!" అని అరిచాడు పోతపని చేసే మా బావ. చాలామంది ఔనన్నారు.

"అమ్మకి నీడ లేకుండా పోతుందని పెట్టాన్రా" అన్నాడు ఆకురాయి తలొంచుకుని.

ప్యాకింగు అక్క డ్రమ్మెక్కింది. "ఇంకెవరెవరు పెట్టారో చేతులెత్తండి. నేను పెట్టాను" అని తన చెయ్యే ముందెత్తింది.

నా ఇంటి మీదా అదే బ్యాంకు లోను. నా చెయ్యి లేచింది. సిగ్గుతో చచ్చిపోయాను. తలెత్తి చూస్తే, అంతసేపూ అరిచిన బావ చెయ్యి కూడా పైనే ఉంది. మొత్తం డెబ్భై పైనే.

"చూశారా? యజమాని ఒక్కొక్కళ్ళనీ విడివిడిగా పిలిచి గొంతు కోశాడు. పదండి, ముందు ఆ పెద్దావిడని లోపల పడుకోబెడదాం" అంది అక్క.

మేం వెళ్ళేసరికి పక్కింటామె దుప్పటి పెద్దావిడ మొహం మీదికి లాగుతోంది. ఎండకు పోయిందని ఎవరైనా అంటే నేనొప్పుకోను. చంపారు.

ఆకురాయి ఏడవలేదు. సన్నటి తీగ తీసి తాళం ముందు కూచున్నాడు. ముప్పై ఏళ్ళ పనివాడు తీగతో లోపల తడుముతుంటే తాళం కదలకుండా నేను పట్టుకున్నాను. అది తెరుచుకుంది. పెద్దావిడని ఆమె గదిలోకే మోసుకెళ్ళాం.

సాయంత్రానికి పోలీసులొచ్చారు. "సీలు చింపి తాళం తీసిందెవడ్రా?"

"నూట ఎనభై మందిమి చేశాం సారూ. నూట ఎనభై మందికీ తీయడం వచ్చు" అంది అక్క.

అక్కనీ ఆకురాయినీ వ్యానులో పడేశారు. తల్లిని సాగనంపడానికైనా వదలమని బతిమాలితే లాఠీతో జవాబిచ్చారు. పెద్దావిడని శ్మశానానికి మేమే మోశాం.

సోమవారం జీపు నా ఇంటికొచ్చింది. గుమ్మం నుంచి వీధి చివరిదాకా నాతో కలిపి నూట డెబ్భై ఎనిమిది మందిమి కూచున్నాం. బ్యాంకు మనిషి సంచిలోంచి తాళం తీశాడు.

బావ లేచి చెయ్యి చాపాడు.

"ఇటివ్వు. అది మేం చేసింది."